పొయ్యెక్కని డికాక్షన్

మా అత్తయ్యకు దవడ లోపలి వైపు చింతగింజంత గడ్డ తీశారు. అందులో చెడ్డదేమీ లేదని తేల్చిన కాగితం డాక్టరుగారు మా చేతికిచ్చిన రోజున, ఇక గట్టెక్కామనే అనుకున్నాను. ఆసుపత్రి మెట్ల మీదే కళ్ళు మూసుకుని మా కొండ మీది స్వామికి దండం పెట్టుకున్నాను. విజయవాడ నుంచి మంగళగిరి వచ్చేదాకా ఆటోలో ఒక్క మాటా మాట్లాడలేదు. మాట్లాడితే ఏడుపొస్తుందని భయం. సంతోషంతోనే.

ఇంటికొచ్చాక తెలిసింది, ఆమె ఏదీ మింగడం లేదని.

మూడు వారాలు వేడివి వద్దన్నారు, కారం వద్దన్నారు, నమిలేవి అసలే వద్దన్నారు. అన్నీ పలచగా, చల్లగా ఉండాలి. నేను రాగి జావ కాచి చల్లార్చి ఇచ్చాను. సగ్గుబియ్యం కాచి వడకట్టి ఇచ్చాను. మజ్జిగ, కొబ్బరినీళ్ళు, బత్తాయిరసంలో సగం నీళ్ళు. ఏదిచ్చినా రెండు చెంచాలు పుచ్చుకుని గోడవైపు తిరిగి పడుకునేది. నొప్పి కాదు, నొప్పికి మందులున్నాయి. ఏదీ సయించక.

సోమవారం చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు బరువు చూసే మిషను ఎక్కించారు. నాలుగు కేజీలు తగ్గింది. అసలే సన్నటి మనిషి. డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "వచ్చే సోమవారం దాకా చూద్దామమ్మా. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యక తప్పదు" అన్నారు. నెమ్మదిగానే అన్నారు కానీ అత్తయ్య వినేసింది. ఆపరేషనప్పుడు పక్క మంచం మీది ఆవిడకు అలాంటి గొట్టమే ఉండేది. ఆవిడ దాన్ని తడుముకుంటూ కూర్చోవడం అత్తయ్య నాలుగు రోజులు చూసింది. తిరుగు దారిలో వారధి దాటేదాకా పైటకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే ఉంది.

ఆ వారం నాకు అప్పగించారన్నమాట. ఆమె నోటితో తాగితే సరే, లేకపోతే గొట్టం.

ఇక్కడ ఆమె కాఫీ సంగతి చెప్పాలి. మా ఇంట్లో రెండు మగ్గాలు. ఒకటి మా ఆయనది, రెండోది మొన్నమొన్నటి దాకా అత్తయ్యది. పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టే ముందు ఆమెకు కాఫీ పడాలి. అది పొగలు కక్కుతూ ఉండాలి. వంటింట్లోంచి మగ్గం దాకా తెచ్చేలోపు పైన నురగ విరిగిందంటే వెనక్కి పంపేది. చల్లారిన కాఫీ ఇవ్వడమంటే లేచి పొమ్మన్నట్టేనని ఆమె లెక్క. పెళ్ళిచూపులకో పరామర్శకో వెళ్ళొస్తే, వాళ్ళింట్లో కాఫీ ఎంత వేడిగా ఇచ్చారో ముందు చెప్పేది, మిగతా సంగతులు తరవాత. ఇరవైరెండేళ్ళుగా ఆ గ్లాసు నేనే తెచ్చిస్తున్నాను. మొదట్లో విసుక్కునేదాన్ని. తరవాత తరవాత, తెల్లవారాక నేను చేసే మొదటి సేవ అదే కనక, దేవుడి దగ్గర దీపంతో సమానంగా చూసుకోవడం అలవాటైంది.

అందుకే ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో కాఫీ బాగా చల్లార్చి ఒకసారి ఇచ్చి చూశాను. పెదవికి ఆనించి పక్కన పెట్టేసింది. బొటనవేలూ చూపుడువేలూ రాసి చూపించింది. మగ్గాల చప్పుడులో మాట వినపడదు కాబట్టి మా వాళ్ళు సగం సంగతులు చేతులతోనే చెప్పుకుంటారు. అది పోగు తెగిందని, ఇక పనికిరాదని చెప్పే సైగ. నెమ్మదిగా మాట్లాడొచ్చని డాక్టరుగారు చెప్పినా ఆపరేషను తరవాత ఆమె నోరు విప్పలేదు. అన్నీ సైగలే.

గొట్టం మాట విన్న రాత్రి అన్నం దగ్గర మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. విజయవాడలో డిగ్రీ చదువుతోంది. కాలేజీ దగ్గర కొత్తగా పెట్టిన కాఫీ షాపులో కోల్డ్ బ్రూ అని అమ్ముతారట, పొయ్యి మీద పెట్టకుండానే డికాక్షన్ దిగుతుందట. చల్లారిన కాఫీ మీ నాయనమ్మ ముట్టుకోదే అన్నాను.

"చల్లారిన కాఫీ వేరు, చల్లగా పుట్టిన కాఫీ వేరు అమ్మా" అంది.

నేను బడికి వెళ్ళలేదు. రాట్నం మీద కండెలు చుడుతుంటే మా నాన్న పక్కన కూర్చుని నేర్పిన అక్షరాలే నా చదువు. అయినా అమ్మాయి ఫోనులో తెలుగులో రాసున్నది కూడబలుక్కుని అంతా చదివాను. పొడిని చన్నీళ్ళలో పది పన్నెండు గంటలు నానబెట్టి వడకట్టడమే. ఇంత తేలికైన దానికి ఇన్నాళ్ళు ఎవరికీ బుద్ధి పుట్టలేదా అనిపించింది.

తేలికేమీ కాదు. ఇంట్లో ఉన్న కాఫీపొడిని మంగళవారం నానబెట్టాను. అది ఫిల్టరుకని మెత్తగా పట్టించిన పొడి, అందులో చికోరీ. బుధవారం పొద్దున చూస్తే కాలవకు కొత్తనీళ్ళొచ్చినట్టుంది. టీ జల్లెడలో వడకడితే నలుసంతా గ్లాసులోకే దిగింది. ఇవ్వొచ్చో లేదోనని ఆసుపత్రికి ఫోను చేస్తే నర్సమ్మగారు వద్దన్నారు. నలుసు కుట్లలో ఇరుక్కుంటే చీము పడుతుందని, కాఫీ ఇస్తే ఇవ్వండి గానీ తేటగా వడకట్టి, పాలెక్కువ పోసి, కొంచెం కొంచెంగా పట్టించమని చెప్పారు. ఇవ్వొచ్చన్న ఆ ఒక్క మాటకు ఆవిడకు మనసులో ఎన్ని దండాలు పెట్టానో.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి విజయవాడ వన్ టౌన్ వెళ్ళాను. మేము ఎప్పుడూ పొడి తెచ్చుకునే కొట్టు అక్కడ ఒక సందులో ఉంది. తోపుడుబళ్ళ మధ్యలోంచి వాసన పట్టుకుని పోవడమే. ఇన్నేళ్ళలో ఆ కొట్లో నేను అడిగింది ఒకటే, అరకేజీ, కాఫీ ఎనభై, చికోరీ ఇరవై. గింజల బస్తాల వంక కన్నెత్తి చూసింది లేదు. కొట్టు సాయిబుగారికి విషయం చెప్పాను. ఆయన కాసేపు గడ్డం నిమురుకున్నారు.

"చన్నీళ్ళలో కాఫీ మా మనవళ్ళు తాగుతారమ్మా, నేను ఇంకా తాగలేదు" అన్నారు. అంటూనే స్టూలు వేసి కూర్చోబెట్టి గింజల గురించి చెప్పడం మొదలుపెట్టారు. చికోరీ మాట మర్చిపొమ్మన్నారు. లేతగా వేయించిన గింజ పుల్లగా ఉంటుంది, నోట్లో పచ్చిపుండుకు పులుపు తగలకూడదు. నల్లగా మాడ్చిందీ వద్దు, చేదు నాలిక మీద నిలిచిపోతుంది. నూనె కక్కి మెరుస్తూ ఉందంటే మాడిందన్నా అయి ఉంటుంది, పాతదన్నా అయి ఉంటుంది. ఒక గింజను పంటితో రెండు చేసి అరచేతిలో పెట్టి చూపించారు. లోపలా బయటా ఒకే రంగు. అలా ఉండాలట. మాకు రంగుల సంగతి చెప్పక్కర్లేదు. అద్దకంలో నూలు లోపలిదాకా రంగు పట్టిందా లేదా అని మేమూ అలాగే పోగు విప్పి చూస్తాం.

మూడు రకాలు చూపించారు. మిరియంలా గుండ్రంగా ఉండే పీబెర్రీ ఒకటి. పళ్ళెంలో పోస్తే గలగలమంటుంది. అరకు నుంచి వచ్చే బల్లపరుపు గింజ ఒకటి. ముదురు రంగు రోబస్టా ఒకటి. ఏది తీసుకోమంటారని అడిగాను.

"నేనెట్లా చెప్తానమ్మా, తాగేది ఆమె. ఆమె ముక్కు చెప్పాలి" అని మూడూ తలా కాస్త పొట్లాలు కట్టిచ్చారు. పట్టించొద్దని, ఏది నచ్చితే దాన్ని రోట్లో బొంబాయిరవ్వంత బరకగా దంచుకోమని, మెత్తగా మాత్రం చెయ్యొద్దని రెండుసార్లు చెప్పారు. కొట్టు దిగుతుంటే, ఆమె కోసం దువా చేస్తానమ్మా అన్నారు. ఆ మాటతో నాకు సగం బరువు దిగింది.

ఇంటికొచ్చి మూడు పొట్లాలూ విప్పి అత్తయ్య మంచం మీద పెట్టాను. ఏమిటన్నట్టు చూసింది. వాసన చూడమన్నాను. ముక్కు దగ్గరకు ఏది తెచ్చినా మొహం తిప్పేసే మనిషి, రోబస్టాను కూడా అలాగే తోసేసింది. పీబెర్రీని తీసుకుని కళ్ళు మూసుకుంది. పొట్లాన్ని అలాగే పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తరవాత అరకు గింజ వాసన చూసి, మళ్ళీ పీబెర్రీ చూసి, ఒక వేలి మీద ఇంకో వేలు అడ్డంగా పెట్టి చూపించింది. పడుగూ పేకా. రెండూ కలపమని. బియ్యం ఎంతో, పప్పు ఎంతో తప్ప ఎన్నడూ నేను చెప్పినట్టు వినని మనిషి. ఇన్నాళ్ళకు మళ్ళీ ఆమె చెప్పినట్టు వినడం నాకు ఎంత హాయిగా అనిపించిందో.

రెండూ కలిపి రోట్లో దంచాను. నాలుగు గుప్పెళ్ళ రవ్వకు చెంబుడు నీళ్ళు పోసి స్టీలు గిన్నెలో నానబెట్టి, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. అంతవరకూ బాగానే ఉంది.

నలుసు దిగకూడదంటే జల్లెడ పనికిరాదు, మంచి నేత గుడ్డ కావాలి. గుడ్డకు మా ఇంట్లో కరువా? అప్పుడే నేను నా తెలివి చూపించాను. వాడిన గుడ్డలో సబ్బు వాసన ఉంటుంది, ఎవరు తుడుచుకున్నదో ఏమో, ఎంగిలి ఉంటుంది. కొత్త గుడ్డంత శుభ్రమైంది లోకంలో లేదని మా నమ్మకం. స్వామికి కట్టేది కొత్తదే కదా. అందుకని ఆ వారమే మగ్గం మీంచి దిగిన తెల్ల పంచెల చివర మిగిలిన ముక్కను తీశాను. దేవుడి పటం ముందు పెట్టి దండం పెట్టుకున్నాను. గురువారం తెల్లవారగానే ఆ గుడ్డలో కాఫీ పోసి, మూట కట్టి, చుక్క కూడా పోకూడదని గట్టిగా మెలిపెట్టి పిండాను.

కాచి చల్లార్చిన పాలు పోసి, కాస్త పంచదార కలిపి, అత్తయ్యను దిండుకు ఆనించి కూర్చోబెట్టి చెంచాతో నోట్లో పోశాను. రంగు బాగుంది. వాసన బాగుంది. ఆమె మింగలేదు. నోట్లోనే పెట్టుకుని కళ్ళు చిట్లించి చూసింది. గిన్నె తీసుకురమ్మని సైగ చేసి అందులో ఉమ్మేసింది.

"గంజి" అంది.

పన్నెండు రోజుల తరవాత ఆమె మాట్లాడిన మొదటి మాట అది. నాకు ముందు అర్థం కాలేదు, మాట వచ్చిందన్న సంతోషంలో ఉన్నాను.

"ఎక్కడి గుడ్డే అది?"

"మనదే అత్తయ్యా. మొన్న దిగిన పంచె ముక్క."

"ఉడకబెట్టకుండానే కట్టావా?"

అప్పుడు వెలిగింది నాకు. పడుగు మగ్గానికి ఎక్కించే ముందు వీధిలో బారుగా పరిచి, బియ్యపు గంజిలో నూనెచుక్క కలిపి కుంచెతో పట్టిస్తాం. ఆ గంజి లేకపోతే పోగు నిలవదు. మగ్గం మీంచి దిగిన గుడ్డంతా గంజే. ఇది మా వీధిలో చిన్నపిల్లకు కూడా తెలుసు. నేనే ఎన్ని వందల సార్లు ఆ కుంచె పట్టానో. ఆ పాతగంజి, నూనె, ఎండలో ఆరిన వాసన, అన్నీ పిండి పిండి కాఫీలోకి దించాను.

"నలభై ఏళ్ళు ఈ చేతులతో కాచానే గంజి" అంది అత్తయ్య, సగమే తెరుచుకునే నోటితో, ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ. "ఇప్పుడు నా నోట్లోనే పోశావా."

తల వంచుకుని నిలబడ్డాను. తిడుతోందనే అనుకున్నాను. చూస్తే భుజాలు కదులుతున్నాయి. దవడ మీద చెయ్యి అదిమి పెట్టుకుని నవ్వుతోంది. నొప్పి పుడుతోంది, నవ్వు ఆగడం లేదు, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

అవతల మగ్గం చప్పుడు ఆగిపోయింది. అమ్మ గొంతు విని మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. సంగతి విని, మిగిలిన గ్లాసు అందుకుని రెండు గుక్కల్లో తాగేశాడు. "బాగానే ఉందమ్మా. ఇస్త్రీ చొక్కా నిలబడ్డట్టు కడుపు నిలబడుతుంది" అన్నాడు. నవ్వించొద్దని ఆమె చెయ్యెత్తి కొట్టబోయింది.

తరవాత జరిగింది నేను ఊహించలేదు. మంచం దిగింది. నా భుజం పట్టుకుని పెరట్లోకి వచ్చి కొళాయి దగ్గర పీట మీద కూర్చుంది. ఆ గుడ్డను ఏం చెయ్యాలో నాకు చెప్పడం మొదలుపెట్టింది. సబ్బు ముట్టుకోవద్దంది. మరిగే నీళ్ళలో వేసి కర్రతో తిప్పమంది. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ మరిగించమంది. మూడోసారి జాడించాక, "ఆ నీళ్ళు నోట్లో పోసుకుని చూడు. వట్టి నీళ్ళలా ఉన్నాయా?" అని అడిగింది. ఇంకా జిగురుగానే ఉన్నాయన్నాను. మళ్ళీ చెయ్యమంది. నాలుగో నీళ్ళు ఆమె కూడా నాలిక మీద వేసుకుని చూసి, తలాడించింది. ఎండ మండిపోతోంది కనక దండెం మీద వేసిన గుడ్డ మేము లోపలికి వచ్చేలోపే ఆరిపోయింది. మంచం మీద పడుకునేటప్పుడు, "దేవుడికి గంజితో కట్టినా ఏమనడు. మనుషులతోనే తంటా" అని కళ్ళు మూసుకుంది. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని నేను చేసిన పొరపాటును అంత తేలిగ్గా తీసేసినందుకు ఆమె కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. నిద్రపోతోందని ఊరుకున్నాను.

ఆ సాయంత్రం మిగిలిన గింజలు దంచి మళ్ళీ నానబెట్టాను. శుక్రవారం దాటితే ఇక రెండే రోజులుంటాయి, శని, ఆది. ఇదీ పోతే ఏం చెయ్యాలో నాకు తెలియదు. రాత్రి దీపం కొండెక్కేదాకా పటం ముందు కూర్చున్నాను. ఏమీ అడగలేదు. ఆమె నవ్విన నవ్వు చాలని, అది ఇచ్చినందుకు కృతజ్ఞతే చెప్పుకున్నాను. అయినా మనసు అడుగుతూనే ఉంది, అది స్వామికి తెలియకుండా ఉంటుందా.

శుక్రవారం పొద్దున ఆ గుడ్డలోంచి కాఫీ తనంతట తాను బొట్లు బొట్లుగా దిగనిచ్చాను. పిండలేదు. గ్లాసులోంచి అడుగు కనిపించేటంత తేటగా దిగింది. పాలు పోసి ఇచ్చాను. మొదటి చెంచా నోట్లో పెట్టుకుని మళ్ళీ కళ్ళు చిట్లించింది. నేను గిన్నె అందుకోబోయాను. మింగింది. చెంచా వద్దని గ్లాసే అందుకుంది. సగం తాగి ఆపి, గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది. మా కొండ మీది స్వామి కూడా పానకం సగమే తాగి సగం మనకు వదిలేస్తాడు, ఈమె కూడా అంతేనేమో, సగమైనా చాలనుకున్నాను. ఊపిరి తీసుకుని మిగతా సగమూ తాగేసింది.

"పొగ లేదు" అంది. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, "పొగ లేకపోయినా కాఫీయే" అంది.

మధ్యాహ్నం ఇంకోటి అడిగింది. ఒట్టి కాఫీతో బలం రాదు కదా, జావలో కలపనా అని అడిగాను. కాఫీ పాడుచెయ్యొద్దంది. కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి బేరానికి కూర్చుంది. నాలుగు గుటకలు జావ తాగితే ఒక గుటక కాఫీ అని మొదలుపెట్టింది. నాయనమ్మ ఒకటికి ఒకటి అంది. చివరికి రెండుకు ఒకటి దగ్గర తెగింది. మా అమ్మాయి వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతుంటే, అత్తయ్య గుటకలు పెద్దవి చేసి కాఫీ దగ్గర మోసం చేసేది. ఆదివారం సాయంత్రానికి పొద్దుటి నుంచి నాలుగు గ్లాసుల జావ లోపలికి వెళ్ళింది. మజ్జిగ తనే అడిగి తాగింది.

సోమవారం ఆసుపత్రిలో ఆమె మిషను ఎక్కుతుంటే నేను చూడలేకపోయాను. గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను. నర్సమ్మగారు బరువు చదివారు. తగ్గలేదు. అరకేజీ పెరిగింది. డాక్టరుగారు కుట్లు చూసి, బాగా మానుతున్నాయని చెప్పి, ఏం తాగుతున్నారని అడిగారు. నేను చెప్పబోతుంటే అత్తయ్యే, "కాఫీ. దానికోసం జావ" అంది. ఆయన కాఫీ ఖాళీ కడుపున వద్దని, రోజుకు రెండు గ్లాసులు మించొద్దని చెప్పారు. కాగితం మీద ఏదో రాసుకుంటూ, తలెత్తకుండానే, "గొట్టం అక్కర్లేదమ్మా" అన్నారు.

బయటికొచ్చాం. వరండాలో బెంచీ మీద కూలబడ్డాను. అత్తయ్య నా పక్కనే కూర్చుని కాసేపు నా మొహం చూసింది. "నువ్వు పొద్దుటి నుంచి ఏం తిన్నావు?" అని అడిగింది. ఆలోచిస్తే ఏమీ తినలేదు. ముందురోజు ఏం తిన్నానో కూడా గుర్తు రాలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని లేపి, కింద క్యాంటీనులోకి నడిపించింది. ఆపరేషను అయిన మనిషి ముందు నడుస్తుంటే ఏ రోగమూ లేని నేను వెనకాల వెళ్ళాను.

ఇడ్లీ తెప్పించింది. వేడివేడిగా ఆవిర్లు లేస్తున్నాయి. ఆమె ముందు తినడానికి నాకు మనసొప్పలేదు, అవేవీ ఇంకో వారందాకా ఆమె ముట్టుకోకూడదు. ప్లేటు పక్కకు జరపబోయాను. ఆమె దాన్ని మళ్ళీ నా ముందుకు లాగి, చట్నీ గిన్నె దగ్గరగా పెట్టింది.

"చల్లారిపోతోందే, తిను" అంది.

తిన్నాను. నాలుగు ఇడ్లీలూ అయ్యేదాకా ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఇంకో రెండు తెమ్మని కుర్రాడికి వేళ్ళు చూపించింది.